ఏ నేలకి ఏ స్టేకు: టార్ప్ స్టేకులు గ్రాముల లెక్కన ఎంచుకున్న నా అనుభవం

ట్రెక్కింగ్‌లో టెంట్ బదులు తలపైన కట్టుకునే గుడ్డ, అదే టార్ప్, దాని మీద గ్రాములు తగ్గించడం ఈజీ, పల్చటి గుడ్డది కొంటే అయిపోతుంది. దాని తాళ్లు కట్టడానికి నేలలో కొట్టే మేకుల్లాంటివి, అంటే స్టేకుల దగ్గరకొచ్చేసరికి మాత్రం అంత తేలిగ్గా తెగలేదు నాకు, ఎందుకంటే స్టేకు బాగుందా లేదా అనేది దాని చేతుల్లో సగమే ఉంది, మిగతా సగం నేల చేతుల్లో ఉంది, ఆ నేల ఎలా ఉంటుందో అక్కడికి వెళ్లేదాకా తెలీదు. అందుకే ఒకటి కొని సరిపెట్టుకోకుండా రకానికి రెండు మూడు చొప్పున తెచ్చుకుని, వెళ్లిన ప్రతి చోటా దిగ్గొట్టి లాగి చూస్తూ, ఇప్పుడు నా సంచిలో ఉన్న సెట్ దాకా ఎలా వచ్చానో రాస్తున్నా.

ముందు ఒక విషయం. డోమ్ టెంట్‌కి పోల్స్ ఉంటాయి కాబట్టి ఒక స్టేకు ఊడినా టెంట్ కొంచెం వంకరవుతుందేమో గానీ పడిపోదు. టార్ప్‌కి ఆ సౌకర్యం లేదు. ట్రెక్కింగ్ పోల్ ఒకటి నిలబెట్టి దానికి తాడు కట్టి స్టేకుకి లాగుతాం, ఆ స్టేకు పైకి వచ్చిందంటే పోల్ పడుతుంది, పోల్ పడితే మొత్తం గుడ్డ మొహం మీదే. కాబట్టి టార్ప్ వేసుకునేవాళ్లకి స్టేకు అంటే ఇంట్లో స్తంభం లెక్క, దాని మీద పిసినారితనం చూపించేటప్పుడు ఎక్కడ చూపిస్తున్నామో తెలిసి చూపించాలి.

గాలి ఎంత లాగుతుందో ఒకసారి లెక్కేసుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 10 మీటర్లు, అది ఎదురుగా నిలబెట్టిన ఒక చదరపు మీటరు గుడ్డని దాదాపు 6 కిలోల బరువుతో తోస్తుంది. అదే గాలి వేగం రెండింతలై 72 అయితే తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది, అంటే 24 కిలోల దాకా. 3 బై 3 మీటర్ల టార్ప్‌ని మధ్యలో మడిచి రెండు వైపులా వాలుగా కడితే ఒక్కో వైపు 4.5 చదరపు మీటర్లు. వాలుగా ఉంటుంది కాబట్టి అంతా నేరుగా పడదనుకోండి, అయినా గాలి వైపు ఉన్న రెండు మూడు స్టేకుల మీద పడేది చిన్న బరువు కాదు. 72 వేగంలో టార్ప్ కింద పడుకోవాలని నాకైతే సరదా లేదు, కానీ విసురుగాలి మనల్ని అడిగి రాదు కదా.

ఇక మెటీరియల్ సంగతి. టైటానియం అనగానే అన్నిటికన్నా తేలికైన లోహం అన్న అభిప్రాయం చాలామందికి ఉంటుంది. నిజానికి ఘన సెంటీమీటరుకి అల్యూమినియం 2.7 గ్రాములు, టైటానియం 4.5, స్టీలు 7.8 చిల్లర. అంటే ఒకే సైజులో చేస్తే టైటానియం స్టేకు అల్యూమినియం దానికన్నా బరువే. మరి షాపుల్లో కనిపించే టైటానియం స్టేకులు అంత తేలిగ్గా ఎలా ఉంటాయంటే, అవి సన్నగా ఉంటాయి కాబట్టి. టైటానియం గట్టిది, సన్నటి ఊచలా చేసినా ఓ మాదిరి దెబ్బలకి తట్టుకుంటుంది, అందుకని సన్నగా చేసి బరువు తగ్గిస్తారు. అయితే సన్నటిదంటే మట్టిని పట్టుకునే వెడల్పు కూడా పోయినట్టే. ఇది బుర్రలోకి ఎక్కాక నా ఎంపిక మొత్తం మారిపోయింది, ఆరు గ్రాముల స్టేకు చూసినప్పుడల్లా ఆ గ్రాములు ఎక్కడ కోశారు, లోహంలోనా, వెడల్పులోనా, పొడవులోనా అని చూడటం మొదలుపెట్టా.

అల్యూమినియంలో కూడా అన్నీ ఒకటి కాదు. మంచి స్టేకుల మీద 7075 అని ఉంటుంది, జింక్ కలిపిన మిశ్రమం అది, మామూలుగా దొరికే 6061 కన్నా చాలా గట్టిది. ఏ నంబరూ లేకుండా ఊరికే అల్యూమినియం అని అమ్మే గుండ్రటి పుల్లలు గులకరాయి తగిలితే చాలు వంగుతాయి, మళ్లీ సరిచేస్తే ఆ చోటే బలహీనమై ఇంకోసారికి విరుగుతాయి. వాటిని నేను పరిగణనలోకే తీసుకోలేదు.

లాగి చూడటానికి సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ త్రాసు వాడా. స్టేకు దిగ్గొట్టడం, తాడు ఉచ్చు తగిలించడం, టార్ప్ తాడు ఏ వాలులో ఉంటుందో ఆ వాలులోనే త్రాసుతో లాగడం, కదిలినప్పుడు ఎంత చూపిస్తుందో చూడటం. అంకెలు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే ఒకే మైదానంలో నాలుగడుగులు పక్కకి వెళ్తే వేరే అంకె వస్తుంది, వాటిని పట్టుకుని ఎవరూ కొనుగోలు నిర్ణయం తీసుకోకూడదు. కానీ పోలికలు మాత్రం అన్ని చోట్లా ఒకేలా వచ్చాయి.

మొట్టమొదటిది లోతు. అదే స్టేకుని సగమే దించితే పట్టు సగానికి తగ్గుతుందనుకుంటాం, కాదు, సగం కన్నా బాగా తక్కువకి పడిపోతుంది. ఎందుకంటే కింద మట్టి గట్టిగా బిగుసుకుని ఉంటుంది, పైన రెండు మూడు అంగుళాలు ఎప్పుడూ వదులే, సగం దించిన స్టేకు ఆ వదులు మట్టినే నమ్ముకుని ఉంటుంది. పైగా స్టేకు తల నేలకి పైన ఉండి తాడు అక్కడ కట్టి ఉంటే అది మీటలా పనిచేసి స్టేకుని తిప్పేస్తుంది. కాబట్టి రాయి తగిలి స్టేకు సగంలో ఆగిపోతే తాడుని కిందకి జార్చి నేలకి ఆనించి కట్టుకోవాలి, ఈ చిన్న పనికే చాలా తేడా కనిపించింది.

రెండోది వాలు. 45 డిగ్రీలు వెనక్కి వంచి కొట్టు అని అందరూ చెప్తారు. 19 సెంటీమీటర్ల స్టేకుని 45 డిగ్రీల్లో కొడితే అది నేలలోకి 13 చిల్లర సెంటీమీటర్లే దిగుతుంది, 20 డిగ్రీలు మాత్రమే వంచితే దాదాపు 18 దిగుతుంది. నా త్రాసు కూడా ఈ రెండోదాని వైపే మొగ్గింది, వదులు నేలల్లో మరీను. తల టార్ప్‌కి దూరంగా, మొన టార్ప్ వైపు, కొంచెం మాత్రమే వంపు, ఇదే ఇప్పుడు నా పద్ధతి.

మూడోది అసలు స్టేకుకి సంబంధించినదే కాదు, తాడు పొడవు. 1.2 మీటర్ల పోల్ పైనుంచి తాడు లాగి 1.2 మీటర్ల దూరంలో స్టేకు కొడితే తాడు 45 డిగ్రీల్లో ఉంటుంది, లాగుడులో దాదాపు 70 శాతం స్టేకుని పైకి పీకే దిక్కులో పనిచేస్తుంది. అదే 2.1 మీటర్ల దూరంలో కొడితే వాలు 30 డిగ్రీలకి వస్తుంది, పైకి పీకేది లాగుడులో 50 శాతానికి తగ్గుతుంది. సన్న తాడు మీటరు బరువు రెండు మూడు గ్రాములే ఉంటుంది. అంటే పెద్ద స్టేకు కొనేకన్నా తాడు ఒక మీటరు పెంచుకోవడం చౌక, గ్రాముల్లో చూసినా సరే. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఒక్కో నేల గురించి. గడ్డి మొలిచిన మామూలు మట్టి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గడ్డి వేర్లు మట్టిని వలలా పట్టుకుని ఉంటాయి, అక్కడ ఏ స్టేకైనా నిలబడుతుంది, సన్న టైటానియం ఊచ పైభాగాన్ని కొక్కెంలా వంచిన రకం కూడా హాయిగా పనిచేస్తుంది. స్టేకుల మీద మంచి మాటలన్నీ ఇలాంటి నేలల్లో వాడి చెప్పినవే అని నా అనుమానం.

అడవి నేల చూడటానికి మెత్తగా ఉంటుంది, చేత్తో నొక్కితే స్టేకు మొత్తం దిగిపోతుంది, అదే మోసం. పైన ఉన్నది మట్టి కాదు, కుళ్లిన ఆకులు, సూదుల్లాంటి ఆకులు, పుల్లల పొర, కొన్ని చోట్ల జానెడు మందం ఉంటుంది. 15 సెంటీమీటర్ల స్టేకు ఆ పొరలోనే అయిపోతుంది, అసలు మట్టిని ముట్టుకోదు కూడా. ఇక్కడ నేను చేసేది ఏంటంటే, స్టేకు కొట్టే చోట కాలితో ఆకుల్ని పక్కకి జరిపి మట్టి కనిపించాక కొట్టడం, తర్వాత ఆకుల్ని మళ్లీ కప్పేయడం. స్టేకు కూడా పొడుగ్గా, మూడు రెక్కలతో వై ఆకారంలో ఉన్నదే కావాలి. ఎమ్మెస్సార్ (MSR) అనే కంపెనీ వాళ్ల గ్రౌండ్‌హాగ్ ఈ రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ, 19 సెంటీమీటర్లు, 13 గ్రాముల చిల్లర బరువు, దాని మినీ 15 సెంటీమీటర్లు, 10 గ్రాముల దగ్గర. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడా గడ్డి నేలలో ఏమీ అనిపించదు, అడవిలో అదే ముఖ్యం. ఇంకో సంగతి, అడవిలో ఉన్నప్పుడు స్టేకు అవసరమా అని కూడా చూసుకోవాలి, పక్కనే చెట్టు మొదలో, బయటికొచ్చిన వేరో ఉంటే తాడు దానికే కట్టేస్తే దాన్ని పీకే గాలి ఇంకా పుట్టలేదు.

రాళ్లు కలిసిన నేలలో వై ఆకారం నన్ను బాగా విసిగించింది. మూడు రెక్కలు ఉన్నాయి కాబట్టి ఏదో ఒక రెక్క రాయికి తగులుతుంది, బలవంతంగా కొడితే తల దగ్గర అంచులు చితుకుతాయి, లేదంటే ఒక రెక్క మెలిక పడుతుంది. ఇక్కడ సన్నగా గుండ్రంగా ఉన్నది గెలుస్తుంది, అది రాళ్ల సందుల్లోంచి దారి వెతుక్కుంటూ పోతుంది. టైటానియం కొక్కెం రకం, ఆరు గ్రాములది, వేళ్లతో తిప్పుతూ నొక్కుతూ పోతే చాలాసార్లు దిగుతుంది, కానీ సుత్తి దెబ్బకి ఆ కొక్కెం వంపు తట్టుకోదు. కొట్టాల్సిన అవసరం ఉన్న చోట మేకు ఆకారంలో, పైన చదునైన తల ఉన్న టైటానియం స్టేకే సరైనది, రాయితో కొట్టినా దాని తల చెక్కుచెదరదు. కొక్కెం రకంతో ఇంకో తలనొప్పి ఏంటంటే గాలికి తాడు అటూ ఇటూ ఊగి స్టేకుని గుండ్రంగా తిప్పేస్తుంది, కొక్కెం నోరు టార్ప్ వైపు తిరిగిందంటే ఉచ్చు జారి బయటికొచ్చేస్తుంది. ఉచ్చుని ఊరికే తగిలించకుండా ఊచ చుట్టూ ఒక మెలిక వేసి బిగిస్తే ఆ బాధ తప్పుతుంది.

పూర్తిగా బండ మీదే వేసుకోవాల్సి వస్తే స్టేకుల సంచి తెరవక్కర్లేదు. తాడు చివర పెద్ద ఉచ్చు చేసి అందులో చిన్న రాయో పుల్లో పెట్టి, దానికి ముందు, అంటే టార్ప్ వైపు, తాడు మీద పెద్ద బండరాయి పెడితే తాడు లాగినప్పుడు చిన్నది వచ్చి పెద్దదానికి ఆని ఆగిపోతుంది. పెద్ద రాయికి నేరుగా తాడు చుట్టడం కన్నా ఇది మేలు, తాడు సులువుగా వస్తుంది, బిగింపు మార్చుకోవచ్చు, పదునైన అంచుకి రాపిడి కూడా తక్కువ. దీనికోసం మూలలకి మీటరు పొడవు ఉచ్చులు విడిగా పెట్టుకున్నా, వాటి బరువు లెక్కలోకే రాదు.

ఎండిపోయి గట్టిపడిన బంకమట్టి ఇంకో రకం. దించడానికి కష్టం, దిగిందంటే పట్టు మాత్రం బ్రహ్మాండం, కాబట్టి ఇక్కడ పొట్టిదైనా సన్నదైనా పర్వాలేదు, దెబ్బ తట్టుకుంటే చాలు. చదునైన రాయితో నిటారుగా చిన్న చిన్న దెబ్బలు కొట్టాలి, పక్కకి తగిలిన ఒక్క పెద్ద దెబ్బ చాలు అల్యూమినియం స్టేకు నడుం విరగడానికి. కార్బన్ ఫైబర్ స్టేకులు కొన్ని ఆరు గ్రాముల లోపే వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఇలాంటి నేలలో రాయితో కొట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు, వాటిని మెత్తటి నేలకే ఉంచా.

కానీ ఇదే బంకమట్టి వాన పడ్డాక పూర్తిగా వేరే నేల. సాయంత్రం రాయితో కొట్టాల్సొచ్చిన చోట తెల్లవారేసరికి రెండు వేళ్లతో స్టేకు పైకి వచ్చేస్తుంది. ఇక్కడ నేను గమనించింది ఒకటుంది, టార్ప్ అంచు నుంచి నీళ్లు కారేది సరిగ్గా మూల దగ్గరే, మనం స్టేకు కొట్టేదీ అక్కడే, అంటే పట్టు కావాల్సిన చోటే నేల అన్నిటికన్నా ముందు నానిపోతుంది. అందుకని మూలకి స్టేకు నేరుగా తగిలించకుండా ఒక అడుగు తాడు వదిలి దూరంగా కొడుతున్నా. దానికి తోడు సిల్‌నైలాన్ (సిలికాన్ పూత వేసిన నైలాన్) టార్ప్ తడిస్తే సాగుతుంది, వదులై గాలికి టపటపా కొట్టుకుంటుంది, ఆ కుదుపులు నిలకడ లాగుడు కన్నా ఎక్కువగా స్టేకుని వదులు చేస్తాయి. పడుకునే ముందు ఒకసారి తాళ్లు బిగించాల్సిందే. పాలియెస్టర్ తక్కువ సాగుతుంది, డైనీమా అనే చాలా బలమైన పోగుతో చేసిన గుడ్డ దాదాపు సాగదు, అయితే సాగని గుడ్డ గాలి విసురుని కొంచెం కూడా మింగకుండా మొత్తం స్టేకు మీదకే పంపిస్తుంది, కాబట్టి అక్కడ తాడుకి చిన్న ఎలాస్టిక్ ముక్క కలుపుకునేవాళ్లు ఉన్నారు. నాకు అది నచ్చింది, అన్ని తాళ్లకీ కాదు, పక్క తాళ్లకి మాత్రం.

ఇసుకలో నిజం చెప్పాలంటే తేలిక స్టేకులన్నీ ఓడిపోయాయి. పొడి ఇసుకలో రేణువుకీ రేణువుకీ అతుకు ఉండదు, సన్నది అయితే దారం లాగినట్టు వచ్చేస్తుంది, వై ఆకారం కాస్త మేలు, అంతే. ఇసుకకీ మంచుకీ అని వెడల్పాటి పొడవు స్టేకులు అమ్ముతారు, ఎమ్మెస్సార్ బ్లిజార్డ్ లాంటివి, ఒక్కోటి 20 గ్రాములు దాటుతుంది. ఒక్క రాత్రి ఇసుకలో పడుకోవడానికి ఎనిమిది అలాంటివి మోయడం నాకు మనసొప్పలేదు. స్టేకుని కొట్టకుండా పాతిపెట్టడం నేర్చుకున్నా. మోచెయ్యి లోతు గుంట తవ్వి, స్టేకుని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకి తాడు కట్టి, తాడు పైకి వచ్చే వైపు ఒక గాడి చేసి, ఇసుక కప్పి తొక్కడం. స్టేకు బదులు జానెడు కర్ర, ఇసుక నింపిన చిన్న సంచి, ఏదైనా పర్లేదు, వెడల్పు ఎక్కువ ఉంటే అంత మంచిది. తడి ఇసుక దొరికే లోతు దాకా తవ్వితే పట్టు ఇంకా పెరుగుతుంది. మంచులో కూడా ఇదే పద్ధతి, పాతి తొక్కి అరగంట వదిలేస్తే మంచు బిగుసుకుపోతుంది, పొద్దున్నే తవ్వి తీయడమే పెద్ద పని.

ఇవన్నీ చూశాక ఒకే రకం ఎనిమిది కొనాలన్న ఆలోచన మానేశా. టార్ప్‌లో అన్ని స్టేకులకీ ఒకే బరువు పడదు. ముందూ వెనకా పోల్ తాళ్లు పట్టుకునే రెండు స్టేకులు ప్రాణం, నాలుగు మూలలు వాటి తర్వాత, పక్కలకి లాగే రెండు ఊడినా లోపల కాస్త ఇరుకవుతుంది తప్ప కొంప మునగదు. కాబట్టి ఇప్పుడు నా సంచిలో పెద్ద వై రెండు, మినీ వై నాలుగు, టైటానియం కొక్కేలు రెండు, మొత్తం 78 గ్రాములు. ఎనిమిదీ పెద్దవే అయితే 104, ఎనిమిదీ కొక్కేలే అయితే 48. అంటే నేను కోరి మోస్తున్నది ముప్పై గ్రాములు, దానికి బదులుగా నిద్ర వస్తుంది. రాళ్ల దారి అని ముందే తెలిస్తే మినీల్లో రెండు తీసేసి టైటానియం మేకులు పెడతా. గాలి ఎక్కువుంటే పోల్ తాడుకి రెండు స్టేకులు, ఒకదాని వెనక ఒకటి కొట్టి ముందుదాని తలని వెనకదాని మొదలుకి కట్టేస్తా, పక్క కొక్కేలు అప్పుడు ఆ పనికి పోతాయి.

రంగు గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, నా స్టేకులు విరిగినవాటికన్నా పోయినవే ఎక్కువ. బూడిద రంగు టైటానియం ఎండుగడ్డిలో పడితే కళ్లముందే మాయమవుతుంది. ప్రతిదానికీ తల దగ్గర నారింజ రంగు తాడు ముక్క ఉచ్చులా కట్టా, వెతకడానికీ, పొద్దున్నే పీకడానికీ అదే పిడి. పీకేటప్పుడు కూడా టార్ప్ తాడు పట్టుకుని గుంజొద్దు, బాణంలా ఎగిరి మొహం మీదకి వస్తుంది, ఇంకో స్టేకుని ఆ ఉచ్చులో అడ్డంగా పెట్టి, అటూ ఇటూ తిప్పి, దిగ్గొట్టిన వాలులోనే లాగితే వచ్చేస్తుంది. గట్టి నేలలో రాకపోతే పక్కల నుంచి మెల్లగా తట్టి వదులు చేయాలి. తర్వాత మట్టి తుడిచి వాటి సంచిలో వేసుకోవడం, టార్ప్ మడతల్లో మాత్రం పెట్టకూడదు, పల్చటి గుడ్డకి ఆ మొనలు ఒక్కటి చాలు.